రగ్బీ లీగ్: పైన తగిలితే తల.. కింద పడితే కాలు! ట్యాకిల్ రూల్స్‌పై ఆస్ట్రేలియాలో ఎందుకింత రచ్చ?

సిడ్నీ అకోర్ స్టేడియం. జూన్ 5, బుధవారం రాత్రి. 75 వేల మందికి పైగా జనం. స్టేట్ ఆఫ్ ఆరిజిన్ 2024 సిరీస్‌లో తొలి మ్యాచ్ మొదలై పట్టుమని ఎనిమిది నిమిషాలు కూడా కాలేదు. క్వీన్స్‌లాండ్ ఫుల్‌బ్యాక్ రీస్ వాల్ష్ బంతి పాస్ చేస్తున్నాడు. ఎదురుగా న్యూ సౌత్ వేల్స్ కుర్రాడు జోసెఫ్ సువాలీ ఫుల్ స్పీడ్‌లో వచ్చి ఢీకొట్టాడు. దెబ్బ నేరుగా తలకే. వాల్ష్ అక్కడికక్కడే కుప్పకూలిపోయాడు.

రిఫరీ ఆష్లే క్లీన్ మైదానం బయటికి చెయ్యి చూపించాడు. 20 ఏళ్ల సువాలీకి అదే తొలి ఆరిజిన్ మ్యాచ్. ఆ మ్యాచ్ అతనికి అక్కడితో అయిపోయింది. న్యూ సౌత్ వేల్స్ మిగతా 70 నిమిషాలకు పైగా 12 మందితోనే ఆడింది. 38-10తో ఓడింది. వాల్ష్ మళ్లీ గ్రౌండ్‌లోకి రాలేదు. సువాలీపై నాలుగు మ్యాచ్‌ల నిషేధం పడింది.

ఆరిజిన్ అంటే ఆస్ట్రేలియాలో మన ఇండియా-పాకిస్థాన్ మ్యాచ్ లాంటిది. రగ్బీ లీగ్‌తో సంబంధం లేనివాళ్లు కూడా ఆ రాత్రి టీవీ ముందు కూర్చుంటారు. అలాంటి మ్యాచ్ ఎనిమిదో నిమిషంలోనే ఏకపక్షం అయిపోయిందని కొందరి కోపం. స్పృహ తప్పేలా తలపై కొట్టినవాడిని బయటికి పంపకపోతే ఇంకెందుకు రూల్స్ అని ఇంకొందరి వాదన. టీవీ డిబేట్లలో, రేడియోలో ఇదే చర్చ. ‘ఆట మెత్తబడిపోయింది’ అని ఒకరంటే, ‘ఆటగాళ్ల ప్రాణాలు ముఖ్యం’ అని మరొకరు.

కానీ గొడవ నిజంగా మెత్తదనం గురించేనా? పదేళ్లుగా రగ్బీ లీగ్‌లో ఒక్కో ట్యాకిల్‌ను నిషేధించుకుంటూ వస్తున్న తీరు చూస్తే అలా అనిపించదు. ఒకదాన్ని ఆపిన ప్రతిసారీ ఇంకో కొత్త ప్రమాదం పుట్టుకొస్తోంది. దానికి కారణం ఆటలోనే ఉంది.

అసలు గొడవ సెకన్లది

ముందు చిన్న క్లారిటీ. మన దగ్గర రగ్బీ అంటే చాలామందికి గుర్తొచ్చేది 15 మంది ఆడే రగ్బీ యూనియన్. రగ్బీ లీగ్ వేరు. 1895లో ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో విడిపోయి పుట్టిన ఆట. టీమ్‌కు 13 మంది. బంతి ఉన్న టీమ్‌కు ఆరు ట్యాకిల్స్ వరకే అవకాశం. ఆ తర్వాత బంతి అవతలి వాళ్లకు ఇచ్చేయాలి. ఆస్ట్రేలియాలో దీని టాప్ టోర్నీ పేరు నేషనల్ రగ్బీ లీగ్.. షార్ట్‌గా ఎన్ఆర్ఎల్. 17 క్లబ్బులు ఆడతాయి.

కబడ్డీ చూసేవాళ్లకు ఇది ఈజీగా అర్థమవుతుంది. కబడ్డీలో రైడర్‌ను గీత దాటకుండా పట్టేస్తే పని అయిపోయింది. పాయింట్ వచ్చేసింది. రగ్బీ లీగ్‌లో పట్టుకోవడంతో సగం పనే అవుతుంది. పడిపోయిన ఆటగాడు లేచి, బంతిని నేల మీద పెట్టి, కాలితో వెనక్కి దొర్లించాలి. దీన్నే ‘ప్లే ద బాల్’ అంటారు. ఈలోపు డిఫెండర్లు 10 మీటర్లు వెనక్కి వెళ్లి లైన్‌లో నిలబడాలి. పడ్డవాడు త్వరగా లేస్తే డిఫెన్స్ లైన్ సెట్ అవ్వదు, అక్కడే ట్రై వచ్చేస్తుంది. ఆలస్యంగా లేస్తే డిఫెన్స్‌కు ఊపిరి తీసుకునే టైమ్ దొరుకుతుంది. అంటే మ్యాచ్‌ను తేల్చేది ఆ మూడు, నాలుగు సెకన్లే.

అందుకే కోచ్‌లు ‘పడెయ్’ అని మాత్రమే చెప్పరు. ‘పడేసి, వీలైనంత సేపు లేవనివ్వకు’ అని చెబుతారు. 2000ల మొదట్లో మెల్‌బోర్న్ స్టార్మ్ లాంటి క్లబ్బులు రెజ్లింగ్ కోచ్‌లను పెట్టుకుని మరీ ఈ పట్లు నేర్పించాయి. మిగతా క్లబ్బులు అదే దారి పట్టాయి. ఒకడు పైన ఛాతీ దగ్గర లాక్ చేస్తాడు, రెండోవాడు నడుము పట్టుకుంటాడు, మూడోవాడు వచ్చి కాళ్ల మీద పడతాడు. వివాదాస్పదమైన ట్యాకిల్స్ పేర్లు వింటే చాలు, సంగతి తెలిసిపోతుంది. నిలబెట్టి పట్టుకున్నవాడి కాళ్లను మూడో మనిషి వచ్చి కొడితే ‘కానన్‌బాల్’. మెడను వంచి బరువు వేస్తే ‘క్రషర్’. చెయ్యి వెనక్కి మెలిపెడితే ‘చికెన్ వింగ్’. వీటన్నింటి పని ఒకటే.. ఆ సెకన్లు కొట్టేయడం.

ఒక్కో రూల్ వెనుక ఒక్కో ఆటగాడు

2014 మార్చి 24. మెల్‌బోర్న్‌లో స్టార్మ్, న్యూకాజిల్ నైట్స్ మధ్య మ్యాచ్. నైట్స్ ఫార్వర్డ్ అలెక్స్ మెకినన్‌ను ముగ్గురు పట్టుకున్నారు. ట్యాకిల్‌లో అతను గాల్లోకి లేచి తలకిందులుగా నేలకు తగిలాడు. మెడ ఎముక విరిగింది. 22 ఏళ్లకే వీల్‌చెయిర్‌కు పరిమితమయ్యాడు. ట్యాకిల్ చేసినవారిలో ఒకడైన జోర్డన్ మెక్‌లీన్‌కు ఏడు మ్యాచ్‌ల నిషేధం పడింది. అంతకుముందు కూడా ఎత్తి పడేయడం తప్పే. కానీ మెకినన్ తర్వాతే ఎన్ఆర్ఎల్ దాన్ని చూసే కళ్లు మారాయి. నడుము కంటే పైకి కాళ్లు లేస్తే చాలు, స్టేడియం మొత్తం ఊపిరి బిగబడుతుంది.

షోల్డర్ చార్జ్ కథ కూడా అంతే. చేతులతో పట్టుకోకుండా భుజంతో గుద్దేయడం. హైలైట్స్ వీడియోల్లో జనం ఎగబడి చూసే సీన్ అది. ఎన్ఆర్ఎల్ 2013 సీజన్ నుంచి దాన్ని నిషేధించినప్పుడు ఆటగాళ్లే వ్యతిరేకించారు. 2015 జూన్‌లో క్వీన్స్‌లాండ్ కప్ మ్యాచ్‌లో షోల్డర్ చార్జ్ తగిలి జేమ్స్ ఆకర్‌మన్ అనే 25 ఏళ్ల ఆటగాడు చనిపోయాడు. ఆ తర్వాత వ్యతిరేకించిన గొంతులు తగ్గిపోయాయి.

2021 మేలో తల వంతు. బ్రిస్బేన్‌లో ‘మ్యాజిక్ రౌండ్’ పేరుతో మూడు రోజుల్లో ఎనిమిది మ్యాచ్‌లు జరిగాయి. తలపై తగిలే ఏ దెబ్బనూ వదిలేది లేదని ఎన్ఆర్ఎల్ ముందే చెప్పింది. చెప్పినట్టే చేసింది. ముగ్గురిని మ్యాచ్ నుంచే పంపేశారు, 14 మందిని పది నిమిషాల పాటు సిన్ బిన్‌లో కూర్చోబెట్టారు. సీజన్ మధ్యలో రూల్స్ అమలు ఇలా మార్చేస్తారా అని కోచ్‌లు మండిపడ్డారు. కమిషన్ చైర్మన్ పీటర్ వ్లాండిస్ మాత్రం వెనక్కి తగ్గలేదు.

మరి ట్యాకిల్ చేసేవాళ్లు ఏం చేస్తారు? పైన పట్టుకుంటే చెయ్యి జారి తలకు తగలొచ్చు. ఎత్తడానికి లేదు. భుజంతో కొట్టడానికి లేదు. ఇక మిగిలింది కిందికి దిగడమే. అప్పుడు తెరమీదికి వచ్చింది హిప్ డ్రాప్.

హిప్ డ్రాప్ అంటే ఏంటి?

పరిగెడుతున్నవాడిని వెనక నుంచో పక్క నుంచో నడుము దగ్గర పట్టుకుంటారు. ఆపడానికి బలం చాలదు. దాంతో ట్యాకిల్ చేసేవాడు తన కాళ్లు నేల మీంచి వదిలేసి, ఒంటి బరువంతా అవతలివాడి పిక్కల మీద పడేలా కూలబడతాడు. పాదం నేలకు అతుక్కుని ఉంటుంది, పైనుంచి వంద కేజీల బరువు పడుతుంది. మడమ, మోకాలు.. ఏది ముందు లొంగిపోతే అది విరుగుతుంది.

2022 జూలైలో బ్రిస్బేన్ బ్రాంకోస్ ఆటగాడు ప్యాట్రిక్ కారిగన్ చేసిన ఇలాంటి ట్యాకిల్‌లోనే వెస్ట్స్ టైగర్స్ ఆటగాడు జాక్సన్ హేస్టింగ్స్ కాలు విరిగింది. కారిగన్‌కు నాలుగు మ్యాచ్‌ల సస్పెన్షన్ వచ్చింది. అప్పట్నుంచి వారం వారం ఇదే పంచాయితీ. ఏది హిప్ డ్రాప్, ఏది మామూలుగా జారిపడటం? ఒక వారం వదిలేసిన దాన్ని ఇంకో వారం సిన్ బిన్‌కు పంపారని క్లబ్బులు మొత్తుకుంటున్నాయి.

నిజానికి ఈ కన్ఫ్యూజన్‌కు కారణం రిఫరీల చేతకానితనం కాదు. కళ్లముందు సెకనులో సగం టైమ్‌లో జరిగిపోయే పని అది. బరువు కావాలని వేశాడా, లాగుతుంటే పడిపోయాడా అన్నది బంకర్‌లో.. అంటే వీడియో రివ్యూ రూమ్‌లో.. స్లో మోషన్‌లో చూసి తేల్చాలి. స్లో మోషన్‌లో ఏ ట్యాకిల్ చూసినా కావాలనే చేసినట్టు కనిపిస్తుంది. దీంతో ఇంకో అలవాటు కూడా మొదలైంది. చిన్న దెబ్బ తగిలినా లేవకుండా నేల మీదే ఉండిపోవడం. బంకర్ చూసేదాకా ఆగితే పెనాల్టీ వస్తుందేమోనన్న ఆశ. ఫుట్‌బాల్‌లో డైవింగ్‌ను వెక్కిరించే రగ్బీ ఫ్యాన్స్‌కు ఇది అస్సలు మింగుడుపడటం లేదు.

శిక్ష ఎవరికి? లాభం ఎవరికి?

సువాలీని బయటికి పంపడం కరెక్టేనా అన్నదానికి జవాబు అంతకు మూడేళ్ల ముందటి ఇంకో మ్యాచ్‌లో దొరుకుతుంది. 2021 ఆగస్టు. సౌత్ సిడ్నీ స్టార్ లాట్రెల్ మిచెల్ కొట్టిన దెబ్బకు సిడ్నీ రూస్టర్స్ ఆటగాడు జోయీ మాను చెంప ఎముక విరిగింది. మానుకు ఆ సీజన్ అక్కడితో ముగిసింది. మిచెల్‌కు గ్రౌండ్‌లో పడిన శిక్ష పది నిమిషాల సిన్ బిన్ మాత్రమే. టైమ్ అయిపోగానే తిరిగొచ్చాడు, సౌత్ సిడ్నీ 54-12తో గెలిచింది. రూస్టర్స్ కోచ్ ట్రెంట్ రాబిన్సన్ అధికారులను బహిరంగంగానే తిట్టిపోశాడు.

ఆ తర్వాత మిచెల్‌కు ఆరు మ్యాచ్‌ల నిషేధం పడింది. వినడానికి పెద్ద శిక్షే. కానీ దానివల్ల లాభపడింది ఎవరు? దెబ్బతిన్న రూస్టర్స్ కాదు. ఆ తర్వాత సౌత్ సిడ్నీతో ఆడిన టీమ్‌లు. మిచెల్ లేకుండానే సౌత్ సిడ్నీ ఫైనల్ దాకా వెళ్లింది. ఫైనల్లో పెన్‌రిత్ చేతిలో 14-12తో ఓడింది. అతను ఉండి ఉంటే ఆ రెండు పాయింట్ల తేడా ఎటు మారేదో. రూస్టర్స్‌కు మాత్రం దక్కింది పది నిమిషాలే.

సస్పెన్షన్‌కు, సెండ్ ఆఫ్‌కు తేడా ఇదే. సస్పెన్షన్ ఆటగాడికి శిక్ష. సెండ్ ఆఫ్ అయితే అప్పుడే, అక్కడే, నష్టపోయిన టీమ్‌కు దక్కే న్యాయం. జూన్ 5న క్వీన్స్‌లాండ్ తన బెస్ట్ ప్లేయర్లలో ఒకడిని కోల్పోయింది. ఎదుటి టీమ్ 13 మందితోనే ఆడుతూ ఉంటే, ఆ దెబ్బ న్యూ సౌత్ వేల్స్‌కు కలిసొచ్చినట్టే అయ్యేది. ‘మ్యాచ్ పాడైంది’ అంటున్నవాళ్లు ఈ పాయింట్‌ను పట్టించుకోవడం లేదు. మ్యాచ్ పాడైంది సెండ్ ఆఫ్‌తో కాదు, అంతకు కొన్ని సెకన్ల ముందు.

అలాగని వాళ్ల బాధను కొట్టిపారేయలేం. డబ్బు పెట్టి టికెట్ కొన్నవాడికి 12 మంది మీద 13 మంది ఆట ఏం బాగుంటుంది? సూపర్ రగ్బీలో ఇందుకే 20 నిమిషాల రెడ్ కార్డ్ పెట్టారు. తప్పు చేసినవాడు తిరిగి రాడు, కానీ 20 నిమిషాలయ్యాక అతని స్థానంలో ఇంకొకరు దిగొచ్చు. లీగ్‌లోనూ అలాంటిది ఆలోచించొచ్చు. అన్నట్టు సువాలీ 2024 సీజన్ తర్వాత రగ్బీ యూనియన్‌కే వెళ్లిపోయాడు. అక్కడ తల విషయంలో రూల్స్ ఇంకా కఠినం.

ఎన్ఆర్ఎల్ ఎందుకు వెనక్కి తగ్గలేదు?

స్టీవ్ ఫోక్స్. 1980ల్లో క్యాంటర్‌బరీ స్టార్, తర్వాత అదే క్లబ్‌కు కోచ్‌గా 2004 టైటిల్ అందించాడు. 2018లో 59 ఏళ్ల వయసులో చనిపోయాడు. అతని మెదడును పరిశోధకులు పరీక్షిస్తే సీటీఈ అనే జబ్బు బయటపడింది. తలకు పదేపదే దెబ్బలు తగిలినవాళ్లలో కనిపించే మెదడు క్షీణత అది. ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ ఆటగాళ్లలో దీన్ని గుర్తించిన తొలి కేసుల్లో ఇదొకటి. 2019లో ఆ విషయం బయటికొచ్చింది. 2015లో నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్‌కు టైటిల్ గెలిపించిన కోచ్ పాల్ గ్రీన్ 2022లో 49 ఏళ్లకే చనిపోయాడు. అతని మెదడులోనూ సీటీఈ ఉన్నట్టు తేలింది.

సీటీఈని బతికుండగా కచ్చితంగా నిర్ధారించే పరీక్ష లేదు. చనిపోయాక మెదడును కోసి చూస్తేనే తెలుస్తుంది. ఇప్పుడు ఆడుతున్నవాళ్లలో ఎవరికి ఉందో ఎవరూ చెప్పలేరు. అదే అందరినీ భయపెడుతోంది.

ఇంగ్లండ్‌లో బాబీ గోల్డింగ్ సహా పలువురు మాజీలు ఆటను నడిపే రగ్బీ ఫుట్‌బాల్ లీగ్ మీద న్యాయపోరాటానికి దిగారు. తల దెబ్బల నుంచి తమను కాపాడలేదన్నది వాళ్ల ఆరోపణ. ఆస్ట్రేలియా సెనెట్ కమిటీ కూడా ఆటల్లో కంకషన్‌పై విచారణ జరిపి 2023 సెప్టెంబర్‌లో రిపోర్ట్ ఇచ్చింది. తీవ్రమైన కంకషన్ లక్షణాలు కనిపిస్తే కనీసం 11 రోజులు ఆడకూడదన్న రూల్‌ను ఎన్ఆర్ఎల్ 2023లోనే తెచ్చింది. మ్యాచ్ జరిగేటప్పుడు వీడియో చూసి తల దెబ్బలను గుర్తించడానికి ప్రత్యేకంగా ఒక డాక్టర్ కూడా ఉంటున్నారు. ఇవన్నీ ఆటగాళ్ల మీద ప్రేమతోనే అనుకోవడం అమాయకత్వం. రేపు కోర్టులో ‘మీకు తెలిసి కూడా ఏం చేశారు?’ అని అడిగితే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి.

ఇంగ్లండ్ ఇంకో అడుగు ముందుకేసింది. లీగల్ ట్యాకిల్ ఎత్తును భుజాల నుంచి చంకల కిందికి దించాలని 2023 డిసెంబర్‌లో నిర్ణయించింది. ప్రొఫెషనల్ లీగ్‌లో 2025 నుంచి అమలు చేయాలన్నది అప్పటి ప్లాన్. 2024 ఫిబ్రవరిలో సూపర్ లీగ్ సీజన్ మొదలవగానే తలకు తగిలే దెబ్బలపై కార్డులు వరుసగా పడ్డాయి. అక్కడా ఇదే గోల.. ఇది రగ్బీయేనా అని.

కిందికి దిగితే సేఫేనా?

ఇక్కడే అసలు చిక్కు. రగ్బీలో కంకషన్‌కు గురయ్యేవాళ్లలో బంతి పట్టుకున్నవాడి కంటే ట్యాకిల్ చేసేవాళ్లే ఎక్కువ. కిందికి వంగినప్పుడు తల తప్పు వైపు పెడితే అవతలివాడి తుంటి ఎముకో, మోకాలో వచ్చి తగులుతుంది. ఎత్తు తగ్గిస్తే ఇద్దరి తలలు ఢీకొనే అవకాశం తగ్గుతుంది, నిజమే. కానీ చిన్నప్పట్నుంచి ఛాతీ దగ్గర లాక్ చేయడం నేర్చుకున్నవాడిని ఒక్కసారిగా నడుము దగ్గర కొట్టమంటే అలవాటయ్యేదాకా ఎన్ని తలలు పగలాలి? అలా కిందికి దిగినా అవతలివాడిని ఆపలేకపోతే చివరికి చేసేది ఏంటి? అదే హిప్ డ్రాప్.

అమెరికా కూడా దీని బారిన పడింది. అక్కడి ఎన్ఎఫ్ఎల్ ఫుట్‌బాల్‌లో 2023 నవంబర్‌లో బాల్టిమోర్ రేవెన్స్ స్టార్ మార్క్ ఆండ్రూస్ ఇలాంటి ట్యాకిల్‌లోనే కాలికి గాయమై నెలల తరబడి దూరమయ్యాడు. 2024 మార్చిలో ఎన్ఎఫ్ఎల్ హిప్ డ్రాప్‌ను నిషేధించింది. దొరికితే 15 గజాల పెనాల్టీ. ఆటగాళ్ల యూనియన్ మాత్రం ఇది అమలు చేయలేని రూల్ అంటూ వ్యతిరేకించింది. ‘హిప్ డ్రాప్’ అన్న పేరు అమెరికాకు వెళ్లింది రగ్బీ లీగ్ నుంచే. పేరుతో పాటు పంచాయితీ కూడా వెళ్లింది.

ఎన్ఆర్ఎల్ చేస్తున్న పనుల్లో ఒకదానికొకటి పొసగనివి ఉన్నాయి. 2020లో ఆటను స్పీడ్ చేయడానికి ‘సిక్స్ అగైన్’ రూల్ తెచ్చారు. ట్యాకిల్ దగ్గర కావాలని ఆలస్యం చేస్తే పెనాల్టీకి బదులు ఆరు ట్యాకిల్స్ లెక్క మళ్లీ మొదట్నుంచి. ఆట ఆగదు. టీవీకి అదిరిపోయింది. కానీ ఆట ఆగకపోతే ఆటగాడు అలసిపోతాడు. అలసిపోయినవాడి చెయ్యి ఆలస్యంగా పైకి లేస్తుంది, సరిగ్గా వంగలేడు, పట్టుకున్నాక కాళ్లు వదిలేసి కూలబడతాడు. స్పీడూ కావాలి, సేఫ్టీ కూడా కావాలి అంటున్నారు. పాత ప్లేయర్లలో కొందరు చెబుతున్న మందు ఒకటుంది. ట్యాకిల్‌లో ఇద్దరికి మించి ఉండకూడదని రూల్ పెడితే? మూడోవాడే లేకపోతే కానన్‌బాల్ ఉండదు, కాళ్ల మీద పడే సీన్లూ తగ్గుతాయి. ప్లే ద బాల్ కూడా వేగంగా వస్తుంది. డిఫెన్స్ టీమ్‌లకు మాత్రం కష్టమే.. ఓ పట్టాన ఒప్పుకోరు. కానీ ట్యాకిల్‌కో పేరు పెట్టి, పేరుకో నిషేధం పెట్టడం కంటే సెకన్లు కొట్టేసే అవసరాన్నే తగ్గించడం నయం.

ఈ గొడవ సిడ్నీలో ఉన్న మనవాళ్లకు దూరమేమీ కాదు. అకోర్ స్టేడియానికి కొద్ది దూరంలోనే ప్యారమాటా, హారిస్ పార్క్, వెస్ట్‌మీడ్. తెలుగు కుటుంబాలు బాగా ఉండే ఏరియాలు. స్కూల్లో ఫ్రెండ్స్ అంతా ఈల్స్ జెర్సీ వేసుకుని తిరుగుతుంటే పిల్లలు కూడా ఆడతామంటారు. క్రికెట్ సరిపోదా అని ఇంట్లో నాన్న, ఒక్క సీజన్ అని పిల్లాడు. వాల్ష్ పడిపోయిన క్లిప్ ఫోన్లలో తిరిగిన ఆ వారంలో ఆ మాట ఎటు తేలి ఉంటుందో ఊహించడం కష్టమేం కాదు.

ఆ సిరీస్‌లో రెండో మ్యాచ్ 2024 జూన్ 26న మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో జరిగింది. సస్పెన్షన్ వల్ల సువాలీ ఆడలేదు. 11 రోజుల గడువు అప్పటికి ముగిసిపోయింది కాబట్టి, డాక్టర్లు ఓకే అంటే వాల్ష్‌కు దారి క్లియర్ అన్నట్టే ఉండింది. సిరీస్‌లో నిలవాలంటే న్యూ సౌత్ వేల్స్ గెలవాల్సిన పరిస్థితి. అందుకే అక్కడి కోచింగ్ స్టాఫ్ ముందు అప్పుడు ఉన్నది ఒకటే ప్రశ్న.. వాల్ష్ లాంటి స్పీడ్ ఉన్నవాడిని ఎక్కడ పట్టుకోమని తమ వాళ్లకు చెప్పాలి?